పాఠం వెనకాల చప్పుడు

సాయిదుర్గకి అన్నిటికంటే భయం నిశ్శబ్దం. పిల్ల ఏడ్చినా భయపడదు, అరిచినా భయపడదు. ఏడాదిన్నర రత్నం ఉన్నట్టుండి చప్పుడు చెయ్యడం మానేసిందంటేనే భయం. బియ్యం డబ్బాలో తల పెట్టిందో, నోట్లో ఏం వేసుకుందో అని చేతిలో పని వదిలేసి పరిగెడుతుంది.

ఆ మధ్యాహ్నం కూడా ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, కళ్ళు పిల్ల మీదే ఉంచి మాట్లాడుతోంది.

“ఆ ఝాన్సీని మార్చేద్దామమ్మా,” అంటున్నారు అవతల్నించి రాజేంద్రగారు. “గొంతు బాగుంది, చెప్పడమూ బాగుంది. కానీ వెనకాల ఆ మగ్గం ఏవిటి? టకటకా టకటకా... పాఠం వింటున్నామా, చీర నేయిస్తున్నామా?”

“మార్చొద్దండీ!”

ఆ అరుపుకి రత్నం ఆట ఆపి తలెత్తి చూసింది.

రాజేంద్రగారిది కొత్తపేట. ఉద్యోగం మానేసి వచ్చి, ప్రోగ్రామింగ్‌ని తెలుగులో నేర్పే వెబ్‌సైటు పెట్టేరు. అందులో దాపరికమేమీ లేదు. పాఠాలు ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, తప్పు కనబడితే ఎవరైనా దిద్దొచ్చు. జీతాల్లేవు, అందరూ వాలంటీర్లే. ఇంటర్ మధ్యలో ఆపేసి, విజయ్ కుమార్‌ని పెళ్ళి చేసుకుని రాజోలు వచ్చేసిన సాయిదుర్గ మొదట నేర్చుకోడానికే అందులో చేరింది. “ఇక్కడ నాకు బోధపడలేదండీ” అని అడుగడుక్కీ అడుగుతుంటే, “నీకు మాట కలపడం బాగా వచ్చు, వాలంటీర్లని నువ్వే వెతికిపెట్టమ్మా” అన్నారాయన.

ఝాన్సీ అలా దొరికిందే. వాలంటీర్లు కావాలని అమలాపురం కాలేజీల్లో పెట్టిన పోస్టరు పక్కనున్న నేతవాళ్ళ ఊరు బండారులంకలో కూడా అంటించాలని సాయిదుర్గ పట్టుబట్టింది. డిగ్రీ చదువుకుంటూ ఆ ఊళ్ళో కొత్తగా అద్దెకి దిగిన ఝాన్సీ ఫోన్ చేసి, “మా పక్కింట్లో మగ్గం ఉందండీ, చప్పుడొస్తుందేమో” అని నసిగింది. సాయిదుర్గ ఏ వీధో, వీధిలో ఎక్కడో అడిగి తెలుసుకుని, “అయితే నువ్వే కావాలమ్మా” అంది.

“ఎందుకు మార్చకూడదో చెప్పు మరి,” అన్నారు రాజేంద్రగారు.

“లూప్ పాఠం విన్నారా అండీ? ‘మా పక్కింటి మగ్గం వినబడుతోంది కదా, లూప్ అంటే అదే. ఆగమనేదాకా చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తుంది’ అని చెప్పింది. నాకు లూప్ అప్పుడే బుర్రకెక్కింది.”

ఆయన నవ్వేరు. “అదొక్కటీ బాగుందిలే. అన్ని పాఠాల్లోనూ మగ్గమేనా? మంచి మైకు పంపిస్తాను, కిటికీ వేసుకుని చెప్పమను. ఇంకోసారి చప్పుడొచ్చిందంటే వేరేవాళ్ళని చూద్దాం.”

“ఆయ్, చెప్తానండీ.”

చెప్పలేదు. కిటికీ ఊసే ఎత్తలేదు.

రత్నానికి నిద్ర వేళైంది. ఎప్పట్లాగే ఫోన్లో ఝాన్సీ పాఠం పెట్టి, పిల్లని ఒళ్ళో వేసుకుంది.

“జోల పాడేవాళ్ళని చూసేను గానీ, కంప్యూటర్ పాఠం పెట్టేదాన్ని నిన్నే చూసేనే,” అంది అత్తగారు సువార్తమ్మ.

“దీనికిదే జోలండీ అత్తయ్యగారూ.”

“ఆ పేరొకటి! ఈ రోజుల్లో ఎవరైనా రత్నం అని పెడతారా? ఏ గ్రేసో షారోనో అనుకోక. మీవాళ్ళు మా గడప తొక్కకపోయినా, పేరు మాత్రం మీవైపుదే కావాల్సొచ్చింది నీకు!” అంటూనే మనవరాలి మెడ మీద చెమట కొంగుతో అద్దింది.

సాయిదుర్గ నవ్వి, ఫోను చప్పుడు కాస్త పెంచింది. ఫోన్లో రెండు దెబ్బలు, చిన్న ఆగుడు, మళ్ళీ రెండు దెబ్బలు. ఆమె చెయ్యి పిల్ల వీపు మీద అలాగే పడుతోంది. మగ్గం ఆగబోయే ముందే ఆమె చెయ్యి ఆగుతోంది. రత్నం కళ్ళు మూతలు పడ్డాయి.

తరవాతి వారం రాజేంద్రగారు హుషారుగా ఫోన్ చేసేరు.

“కొత్త పాఠం విన్నావా? మీ ఝాన్సీ గెలిచిందమ్మా! వెనకాల ఒక్క చప్పుడు లేదు. ఇంకా మైకు పంపనే లేదు, ఎలా చేసిందో గానీ. ఇంక ఆ అమ్మాయిని మార్చే ప్రసక్తే లేదు. సంతోషమేనా?”

సాయిదుర్గ ఏదో అని ఫోన్ పెట్టేసింది. పాఠం పెట్టింది. ఝాన్సీ గొంతు గాజుగ్లాసులో నీళ్ళలా తేటగా ఉంది. వెనకాల ఏమీ లేదు. గొంతు ఆగిన చోటల్లా ఏమీ లేదు. ఒళ్ళో రత్నం అటూ ఇటూ దొర్లి, కళ్ళు తెరిచి లేచి కూర్చుంది.

“అదేవిటే, అలా పాలిపోయేవు? మంచి కబురే కదా చెప్పేరు?” అంది సువార్తమ్మ.

సాయిదుర్గ వేళ్ళు అప్పటికే ఝాన్సీ నంబరు నొక్కుతున్నాయి.

“అక్కా! రాజేంద్రగారు నన్ను మెచ్చుకున్నారండీ!”

“కిటికీ వేసుకున్నావా?”

“లేదక్కా, తీసే ఉంది.”

“వేరే గదిలో చెప్పేవా?”

“నాకున్నది ఈ గదే కదండీ. పక్కింట్లో మగ్గమే ఆడట్లేదు. ఆంటీగారు ఈమధ్య వాకిట్లో కూడా కనబడలేదు. ఒక్కరే ఉంటారు, ఎవరితోనూ మాట్లాడరు. ఏ చుట్టాలింటికో వెళ్ళుంటారనుకున్నాను.”

“సీతారత్నంగారు ఎక్కడికీ వెళ్ళరమ్మా.”



“ఆవిడ పేరు ఇక్కడున్న నాకే తెలీదక్కా. మీకెలా తెలుసండీ?”

రత్నం వచ్చి చీర పట్టుకుని లాగింది. సాయిదుర్గ వంగి పిల్లని ఎత్తుకుని, గట్టిగా భుజానికి అదుముకుంది.

“ఆవిడ మా అమ్మ, ఒక్కసారి తలుపు తట్టి చూడు తల్లీ.”