అక్కని అడగాలి

"మన టూలుని తెలుగులో వాడే నాథుడే లేడు. భాషల జాబితాలోంచి తీసేద్దాం," అంటూ మేనేజరు మౌసు మీద చెయ్యి వేశాడు. 'తెలుగును తొలగించాలా?' అని తెర అడిగింది.

ఆ తెర మీది మాటలన్నీ తెలుగు చేసిన అనువాదకురాలు అడ్డుపడింది. "వాడట్లేదని ఎలా చెప్తారు సార్?"

"ఇదిగో, రాసిన ప్రోగ్రాముని జనంలోకి వదిలే బటన్. దీనిమీద ఏం రాశావో చూడు."

ఆమె చూసి నాలుక కరుచుకుంది. 'అక్కని అడగాలి' అని ఉంది. సరైన మాట తోచక, తెలుగు పంతులమ్మ అయిన అక్కని అడుగుదామని తనకోసం రాసుకున్న గుర్తు అది. తర్వాత మరిచేపోయింది.

"రెండేళ్లయింది. ఇదేంటని ఒక్కరైనా అడిగారా?"

ఆమె తన కంప్యూటర్లో దాన్ని 'విడుదల చెయ్యి' అని మార్చేసింది. పది నిమిషాల్లో ఫోను మోగింది. మేనేజరు స్పీకరు నొక్కాడు.

"అక్కని ఎందుకు తీసేశారండీ?" అవతల ఒకావిడ గయ్యిమంది. "మా ఆఫీసులో ముప్పైమందిమి దీన్ని తెలుగులోనే వాడతాం. ఆ బటన్ నొక్కే ముందు మాలో పెద్దావిడకి చూపిస్తాం. ఆవిడ సరేనంటేనే నొక్కుతాం. రెండేళ్లలో ఒక్క తప్పు బయటికి పోలేదు. ఇప్పుడు అక్క మాయమైందో లేదో, మావాడొకడు సగం పని జనం మీదికి వదిలేశాడు!"

ఫోను పెట్టేశాక మేనేజరు తెర వంక చూశాడు. 'తెలుగును తొలగించాలా?' అన్న ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. అతను మెల్లగా మౌసు మీంచి చెయ్యి తీశాడు.

"మీ అక్క ఇప్పుడు ఫోనెత్తుతుందా?"

"ఎత్తుతుంది సార్. ఎందుకు?"

"ఇది నొక్కే ముందు కూడా... అక్కని ఓ మాట అడిగి చూడు."