మూడో గాటు

"ముందు ఈ పానా ఎవరిదో చెప్పన్నా. సంగతేందో తర్వాత చెప్తా. ముందే చెప్పి ఊరికే ఎవుర్నీ భయపెట్టేది నాకిష్టం లేదు."

వరండాలోంచి ఆ మాట వినపడగానే వంటింట్లో లీలావతి చేతిలో గరిటె ఆగిపోయింది. తలుపు సందులోంచి చూసింది. ఖాకీ ప్యాంటు, చేతిలో టోపీ. శిరివెళ్ల నుంచి వచ్చానని, పేరు మొయినుద్దీన్ అని ఆ కానిస్టేబుల్ ఇందాకే గుమ్మంలో చెప్పుకున్నాడు.

శిరివెళ్ల అన్నప్పుడే ఆమెకు భయం పట్టుకుంది. ఈ మధ్య పేపరు నిండా అదే గొడవ. అక్కడి పొలాల్లో ఎవరో ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి రాగితీగ ఎత్తుకుపోతున్నారు. కొడుకు రాజశేఖర్ ఆ పక్కనే ఆళ్లగడ్డలో ట్రాక్టర్ల షెడ్డులో పని చేస్తాడు. కిందటిసారి నంద్యాలకు వచ్చినప్పుడు వాడి సంచిలో రాగితీగ చుట్ట కనపడింది. అడిగితే, "మోటారు వైండింగుదిలేమ్మా" అని కంచంలోంచి తలెత్తకుండా అన్నాడు. ఆదివారం నుంచి వాడి ఫోను స్విచ్చాఫ్.

"బజార్లో ఎవర్నడిగినా, పాత పానా అంటే ఆదినారాయణన్నే చెప్పాల అన్నారు" అంటున్నాడు మొయినుద్దీన్.

ఆదినారాయణకు ఆ మాట చాలు. ఆయిలింజన్ సామాన్ల అంగడి మూసేశాక ఆయనకు మిగిలిన లోకం అదే. వరండా గోడ నిండా మేకులు, మేకుకో పాత పానా. ఏది ఏ దేశంలో పుట్టిందో, ఏ ఇంజనుతో పాటు వచ్చిందో చేత్తో పట్టుకుంటే చెప్పేస్తాడు. ఆ విషయంలో మాత్రం అబద్ధమాడడు. సొంత బావమరిది మురిసిపోతూ తెచ్చి చూపించిన పానాను నకిలీదని ముఖం మీదే అనేసి, ఆ ఇంటికి రాకపోకలు పోగొట్టుకున్నాడు.

"కూచో అప్పా. కాపీ తాగుదువు."

"వద్దన్నా. ముందు ఈ పని కానీ."

పోలీసు కాఫీ వద్దన్నాడంటే లీలావతికి మరీ భయం వేసింది.

"యాడ దొరికింది?"

"కాలువ దగ్గర. మాకు దొరికిన గుర్తు ఇదొక్కటే."

ఆదినారాయణ దాన్ని వెలుతురుకు పట్టాడు. "అక్షరాలు అరిగిపోయినాయి. లీలావతీ, ఇంత ముగ్గుపిండి తే."

అరిగిన అక్షరాలను పైకి తేవడానికి అది ఆయన పద్ధతి. పిండి రుద్ది గుడ్డతో తుడిస్తే, పల్లాల్లో తెలుపు నిలిచి పేరు బయటపడుతుంది. ఆమె కొబ్బరిచిప్పలో పిండి తెచ్చి పక్కన నిలబడింది. ఆయన రుద్దాడు, తుడిచాడు. ముందు ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. తర్వాత పిడి చివర మూడు తెల్లటి గీతలు.

లీలావతి వాటిని గుర్తుపట్టింది.

ఆ ఇంట్లో పానా ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతే, తీసుకున్నవాడు పిడి చివర ఆకురాయితో ఒక గాటు పెట్టాలి. మొదటిది మామగారిది. రెండోది ఆదినారాయణది. మూడోది వంకర. రాజశేఖర్ ఆ గాటు పెట్టేటప్పుడు ఆకురాయి జారి బొటనవేలు తెగింది. పసుపు అద్దింది తనే.

ఆదినారాయణ వేళ్లు ఆగిపోయాయి. నోరు తెరిచాడు.

"అది మాది కాదు సారూ" అంది లీలావతి.

మొయినుద్దీన్ ఆమె వైపు తిరిగాడు. "మీదని నేననలేదే అక్కా." గొంతు మెత్తగానే ఉంది. "మీకు పిల్లలెంతమంది?"

"ఒగడే."

"యాడుంటాడు?"

"హైదరాబాదులో." మాట దానంతట అదే వచ్చింది. "నిన్ననే ఫోన్ చేసినాడు."

"నిన్ననా? మాట్లాడినాడా?"

"ఊ. శానాసేపు మాట్లాడినాడు."

అతని ముఖం తేటపడింది. నమ్మాడు, అనుకుంది లీలావతి. అంతలోనే అతని చూపు గోడ మీదికి పోయింది.

"ఆ మేకు ఖాళీగా ఉందేందక్కా?"

"తుప్పు పడితే కిరసనాయిల్లో నానేసినా."

అతను తలూపి ఆదినారాయణ వైపు చూశాడు. "నువ్వు చెప్పన్నా. నీ మాట మీదనే పోతా."

ఆదినారాయణ భార్య ముఖంలోకి చూశాడు. ఆమె కళ్లతోనే దండం పెట్టింది. ఆయన బొటనవేలు మూడో గాటు మీద ఒకసారి కదిలింది.

"ఇది పాతది కాదప్పా. నకిలీ సరుకు. సంతలో కుప్పలు కుప్పలుగా అమ్ముతాండారు. ఎవరిదని చెప్పేది?"

పానా గురించి ఆయన నోట అబద్ధం లీలావతి వినడం అదే మొదలు.

మొయినుద్దీన్ పానా తీసుకుని, ముగ్గుపిండి రాలకుండా తువ్వాలులో చుట్టాడు. సాక్ష్యం కదా, అంత జాగ్రత్త మరి, అనుకుంది ఆమె. అతను గేటు దాకా పోయేసరికి ఆమెకు ఊపిరి ఆడింది. ఎక్కడున్నా వాడు కొన్నాళ్లు అక్కడే దాక్కుంటే చాలు. తర్వాత తను కాళ్లు పట్టుకునైనా ఆ రాగితీగ పని మాన్పిస్తుంది.

"కాపీ అన్నా తాగిపో తమ్ముడూ" అని పిలిచింది.

మొయినుద్దీన్ బండెక్కి వెనక్కి తిరిగాడు. "ఇంగోసారి వస్తాలే అక్కా. ఊరూరా తిరిగినా, ఎవురూ మాదనలే."

టోపీ పెట్టుకున్నాడు.

"కాలువలో తేలిన ఆ పిల్లోన్ని ఇంగ మేమే పూడ్చిపెడతాం."