గాడిద సొంత వ్యాపారం

ఇటుకబట్టీలో రోజూ గంపెడు తవుడు జీతంగా పుచ్చుకుంటూ మోతలు మోసే గాడిద ఒకటుండేది. కర్రదెబ్బలు పడలేక ఆ కొలువు మానేసి, సొంతంగా మోతల వ్యాపారం పెట్టుకుంది. ఎంత ధైర్యమో చూశారా పిల్లలూ!

మొదటి బేరం మేకమ్మది. "వాన పడేలోగా ఈ గడ్డిమోపు వాగు దాటించు నాయనా, నా పిల్లలకి ఉన్న తిండి ఇదే," అంది. గాడిద మోపు ఎత్తించుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఏమయ్యా, మబ్బు కమ్ముకొస్తోంది, నడవవేం?"

"వెనకనుంచి ఎవరూ అదిలించందే కాలెలా పడుతుందమ్మా?" అంది గాడిద.

మోపు తడిసి ముద్దయింది. మేకమ్మ తిట్టిపోసింది.

గాడిద బాగా ఆలోచించి, సంపాదించే తవుడులో సగం ఇస్తానని ఒక కోతిని కుదుర్చుకుంది. ఇప్పుడు కోతి వెనకనుంచి కర్రతో బాదుతుంటే, గాడిద ఠీవిగా నడుస్తూ ఎదురైనవాళ్లందరికీ చెబుతోంది: "వీడు నా దగ్గర జీతగాడు!"