చిన్న అక్షరాలు

“పాపకి పాలు పడతాయా అమ్మా?”

మందుల షాపులో వెనకనుంచి వినిపించిన ఆ గొంతుకు ఆమె ఉలిక్కిపడింది.

తిరిగి చూస్తే మాసిన గడ్డం, నలిగిన చొక్కా. అతని కళ్ళు మాత్రం ఆమె చేతిలోని డబ్బా మీదే ఉన్నాయి.

“మీకెందుకండీ?” అంది, భుజం మీద నిద్రపోతున్న పాపను పొదువుకుంటూ.

“పడకపోతే అది పట్టకండి.”

“మళ్ళీ తయారయ్యావా?” కౌంటర్ వెనకనుంచి షాపతను కసిరాడు. “మీరు పట్టించుకోకండమ్మా. కాస్త తిక్కమనిషి. రోజూ వచ్చి బేరాలు చెడగొడతాడు.”

పాపకు నిజంగానే పాలు పడవు. చుక్క తగిలితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, చంటిపిల్ల ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే సలహాలు మాత్రం అడక్కుండానే వడ్డిస్తారు జనం. పసితనంలోనే కడుపులో మంచి బ్యాక్టీరియా చేరితే ఎలర్జీలు దగ్గరికి రావని ఆఫీసులో స్నేహితురాలు చెప్పింది. ఆ మాట పట్టుకునే ఆ బ్యాక్టీరియా పొడి కోసం ఇక్కడికి వచ్చింది. డబ్బా మీద బోసినవ్వు నవ్వుతున్న పాప ఫొటో చూడగానే ప్రాణం లేచొచ్చింది.

‘నా తల్లి కూడా ఇలా నవ్వితే చాలు’ అనుకుంది.

డబ్బు ఇచ్చి బయటపడింది. అతను వెనకే వచ్చాడు.

ఆమె నడక పెంచింది. అతనూ పెంచాడు.

“అమ్మా, ఒక్కసారి ఆ చిన్న అక్షరాలు చదవండమ్మా!”

మలుపు దగ్గర అతను అడ్డంగా వచ్చి, చేతిలోంచి డబ్బా లాక్కున్నాడు.

“దొంగ! దొంగ!”

అరుపు వినడమే ఆలస్యం, జనం మూగారు. ఏమిటి సంగతని అడిగేవాడు ఒక్కడూ లేడు గానీ, తలా ఒకటి వేసేవాళ్ళకు కరువా? ఒకడు చెంప పగలగొట్టాడు. ఇంకొకడు నడుం మీద తన్నాడు.

ఆమెకు ఒక్కటే వింతగా తోచింది. అన్ని దెబ్బలు తింటూ కూడా అతను మొహానికి చేతులు అడ్డం పెట్టుకోలేదు. డబ్బా నలగకుండా గుండెకు హత్తుకున్నాడు.

వేళ్ళు విడదీసి, డబ్బా లాగి ఆమెకిచ్చారు.

“పట్టొద్దమ్మా,” అన్నాడతను, పెదవి మీద నెత్తురు తుడుచుకోకుండానే.

ఇంటికొచ్చి తలుపు గడియ వేసింది. పొడి నీళ్ళలో కలిపి పాప నోట్లో ఒక చెంచా పోసింది.

రెండో చెంచా పొయ్యలేదు.

పాప పెదవులు ఉబ్బాయి. ఊపిరి ఈలలా మోగింది. ఆసుపత్రి దాకా ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు.

ఇంజెక్షన్ పడిన కాసేపటికి పాప గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని, గోడకు చేరగిలబడి ఆమె కూడా ఏడ్చేసింది.

“ఏం పట్టావమ్మా?” డాక్టరమ్మ డబ్బా తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. “బ్యాక్టీరియా మంచిదే కావచ్చు. కానీ దాన్ని పెంచింది పాలల్లో. పాలు పడని పిల్లకి ఆ మిగిలిన నలుసు చాలు. చూడు, చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. ఎవరూ చెప్పలేదా?”

చెప్పారు. చెప్పినవాణ్ణి తనే తన్నించింది.

పాప ఇల్లు చేరగానే మందుల షాపుకు పరుగున వెళ్ళింది.

“ఆయనేరీ? ఆయన కాళ్ళు పట్టుకోవాలి నేను.”

“ఆ దెబ్బల తరవాత మళ్ళీ కనపడలేదమ్మా. ఇల్లు కూడా ఖాళీ చేసి వెళ్ళిపోయారట.”

“ఆయన డాక్టరా?”

“కాదమ్మా.”

“మరి ఆయనకెలా తెలుసు?”

షాపతను అరలో వరసగా పేర్చిన డబ్బాల వైపు చూసి, చూపు దించుకున్నాడు.

“ఫొటో ఇచ్చినందుకు కంపెనీవాళ్ళు ఆయనకి ఈ డబ్బాలు ఊరికే పంపారట.”

“ఏం ఫొటో?”

“ఆ డబ్బా మీద నవ్వుతోందే, ఆ పాప ఆయన కూతురమ్మా... ఇప్పుడు అక్కడ తప్ప ఇంకెక్కడా నవ్వదు.”