చెక్క మీద ఉప్పు మళ్లు

గున్నమ్మ తడక సందులోంచి చూసి, చేతిలోని గంజి ముంత కింద పెట్టడం కూడా మరిచిపోయింది.

పెరటి పాకలో దిగిన కొత్త మనిషి పాత తలుపుచెక్క మీద ఒక ఊరు కడుతున్నాడు.

ఇసక పోసి గుట్టలు చేశాడు. వాటి నిండా సున్నం జల్లాడు. బంకమట్టితో బొటనవేలంత ఇళ్లు పెట్టాడు. ఇళ్ల మధ్య పుల్లలు చెక్కి చేసిన బొమ్మ మనుషులు, వాళ్ల భుజాన తుపాకులు.

పుట్టి బుద్ధెరిగాక ఆమె చూసిన తెల్లటి నేల ఒక్కటే. ఊరి ముందున్న ఉప్పు మళ్లు. ఆ గుట్టలు ఉప్పు కుప్పలు కాక మరేమిటి? ఆ ఇళ్లు ఉప్పు కొట్లు కాక మరేమిటి?

అసలే పాడు రోజులు. అరవై తొమ్మిదో సంవత్సరం. కొండల్లో నక్సలైట్లు, కింద పోలీసులు. ఒకరికి మంచినీళ్లిస్తే రెండోవాళ్లు ఊరుకోవడం లేదు.

గున్నమ్మ మొగుడు అప్పలసూరి ఉప్పు లారీ తోలుకుని సాలూరు మీదుగా రాయపూర్ వెళ్లిన మర్నాడే దిగాడీ మనిషి. మూడు రోజులైంది.

"ఏటి పని మావోడితో?" అని అప్పుడే అడిగింది.

"ఏడేళ్లుగా ఎతుకుతన్నాను సెల్లీ ఆణ్ణి. వచ్చీదాకా ఉంటాను."

"నీ పేరేటి?"

"ఆడొచ్చినాక ఆడే సెప్తాడు."

పేరు చెప్పని మనిషిని పొమ్మనడానికి ఆమెకు నోరు రాలేదు. భయం మరి.

ఇప్పుడు ధైర్యం తెచ్చుకుని లోపలికెళ్లి గంజి అందించింది. "ఇదేటి బాబూ?"

"ఆట." అతను గవ్వలు విసిరాడు. నాలుగు పడ్డాయి. ఒక బొమ్మను నాలుగు వేళ్ల మేర జరిపాడు. "ఈ గుట్టెనక నుంచి ఆల్లొస్తారు. ఈ ఇల్లల్లో ఉన్నోల్లు ఎంతమంది మిగుల్తారో సూడాల."

"ఎంతమంది?"

"ఎన్నిసార్లాడినా ఇద్దరే." నవ్వాడు. "నీ పెనిమిటి రానీ. ఇద్దరం కలిసి ఆడాల."

గున్నమ్మకు అర్థమైపోయింది. ఊరి మీద పడడానికి తన మొగుణ్ణి తోడు తీసుకుపోతాడన్నమాట! పక్క ఊరి సోములు ఇలాగే ఎవడి వెంటో కొండెక్కాడు. మళ్లీ దిగలేదు.

తిన్నగా ఉప్పు మళ్ల కావలి నూకయ్య దగ్గరికి పరుగెత్తింది.

"నాకు నా మొగుడు కావాల మావా. ఆడొచ్చీలోగా ఈణ్ణి పంపించీ. నా ఇంటి మాట మాత్రం బయటికి రానీకు."

"ఊరుకోవే గున్నమ్మా. ఆడు సముద్రం ఒడ్డుకెల్లినప్పుడు సూసి, కేంపు పోలీసులకి సెప్తాను."

ఆ సాయంత్రమే జీపు వచ్చింది. ఒడ్డుకు వెళ్లిన మనిషి పాకకు తిరిగి రాలేదు.

మర్నాడు నూకయ్య గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి చెప్పాడు. "కొండదారిలో పారిపోబోనాడట. కాల్సీసినారు."

గున్నమ్మ "అయ్యో" అంది. కానీ నిజం చెప్పాలంటే, అతను దిగిన తరవాత ఆ పూటే కడుపు నిండా తిన్నది. పాకలోకి మాత్రం వెళ్లలేదు. ఆ చెక్కను ముట్టుకోవాలంటే ఇంకా భయమే.

మరో నాలుగు రోజులకు అప్పలసూరి వచ్చాడు. ఆమె జరిగినదంతా ఊపిరి సలపకుండా చెప్పి, అతణ్ణి పాకలోకి లాక్కెళ్లింది.

"సూడు, మన ఉప్పు మల్లు ఎలా కట్టినాడో!"

అప్పలసూరి చూశాడు. పటాలం నుంచి వచ్చి ఏళ్లు గడిచినా, అక్కడి మాట ఒక్కటీ ఇంట్లో ఎత్తని మనిషి. ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఉప్పు కాదే ఇది. మంచు. లడక్‌లో గడ్డి కూడా మొలవని మంచెడారి. చైనా యుద్ధంలో ఇది మా పోస్టు."

"మరి ఆడెవడు?"

అప్పలసూరి గుట్ట వాలులో ఒక బొమ్మను చూపించాడు. దాని వీపు మీద మరో బొమ్మ ఉంది.

"ఆ వీపు మీదోణ్ణి నేనే. నన్ను కిందకి మోసుకొచ్చి, మిగిల్నోల్ల కోసం మల్లీ పైకెల్లినాడు."

అతను ఆ బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు.

"సచ్చిపోనాడనుకుని ఏటేటా పెద్దల అమాసకి మనం కూడెడతన్నామే, ఆ గంగరాజు ఈడేనే."