గంగారత్నం ఫ్లాస్కు

"బోరు నీళ్ళు పోసింది నువ్వే!" ఆసుపత్రిలో ఉన్నామన్న సంగతి కూడా మరిచి కోడలు రుచిత మీద విరుచుకుపడింది గంగారత్నం.

డాక్టరు ముందు రెండు రిపోర్టులున్నాయి. ఒకటి ఆమె భర్త హనుమయ్యది. రెండోది వాళ్ళ కాలనీ బోరు నీళ్ళది. రెండింట్లోనూ ఫ్లోరైడు హద్దు దాటింది.

"అసలే షుగరు. దానికి తోడు ఇంత ఫ్లోరైడు ఒంట్లో చేరితే కిడ్నీలు తట్టుకోలేవమ్మా. ఇలాగే పోతే డయాలసిస్ తప్పదు" అన్నాడు డాక్టరు.

గంగారత్నానికి తన అన్నయ్య గుర్తొచ్చాడు. డయాలసిస్‌కని ఇదే బెజవాడకి బయల్దేరుతూ అతను బస్సు కిటికీలోంచి చెయ్యూపడమే ఆఖరిచూపు.

రుచిత తగ్గలేదు. "నేనెందుకు పోస్తానత్తయ్యా? మావయ్యగారి గ్లాసు నన్ను ముట్టుకోనిస్తేగా మీరు! డబ్బా నీళ్ళు తెప్పిస్తానంటే, ఎండలో మగ్గిన ప్లాస్టిక్ నీళ్ళు ఆయనకొద్దన్నారు."

"అనక? అవీ ఒక నీళ్ళేనా!"

చెవుడున్న హనుమయ్యకు ఈ గొడవేమీ పట్టలేదు. గొంతెండిపోతోందని సైగ చేశాడు. బస్సెక్కే ముందు ఇంటి దగ్గర నింపుకొచ్చిన ఫ్లాస్కు మూత తీసి, గ్లాసులో పోసి అందించింది గంగారత్నం. అతను గటగటా తాగేశాడు.

"మరి ఆయన తాగే నీళ్ళు ఎవరు చూస్తారమ్మా?" అడిగాడు డాక్టరు.

"నేనేనండీ. బోరులో ఫ్లోరైడుందని పేపర్లో చదివాను. రెండేళ్ళయింది. ఆనాటి నుంచీ పచ్చినీళ్ళు ఒక్క చుక్క ముట్టనివ్వలేదు. బోరు నీళ్ళైనా కాచినవే."

"ఎంతసేపు కాస్తారు?"

ఆ ప్రశ్నకి ఆమె మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. "అందరిలా కాస్త వెచ్చబెట్టి దించేస్తాననుకున్నారా? ఆ ఫ్లోరైడంతా పోవద్దూ! కషాయం కాచినట్టు, నాలుగు చెంబులు ఒక చెంబయ్యేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలనండీ."

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆమెకేసి, ఆమె ఒళ్ళోని ఫ్లాస్కుకేసి చూశాడు.

"ఆవిరైపోయేది నీళ్ళేనమ్మా. ఫ్లోరైడు పోదు. ఆ నాలుగు చెంబుల్లోదీ ఈ ఒక్క చెంబులోకే చేరుతుంది" అన్నాడు మెల్లగా.

రుచిత నోటిమీద చెయ్యి పెట్టుకుంది. గంగారత్నం ఒళ్ళోని ఫ్లాస్కులో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

హనుమయ్య ఖాళీ గ్లాసు మళ్ళీ ఆమె ముందుకు చాపాడు.

"ఇంకాస్త పొయ్యి, గంగా. నువ్వు కాచిన నీళ్ళు తాగితేగానీ నాకు ప్రాణం లేచిరాదు."