చందన కోసం రాసిన చార్టు

"మళ్ళీ పెరిగింది," అనింది పద్మావతి, బరువు మిషను మీద నిలబడిన కూతురి వెనకనుంచి వంగి చూసి. "ఏమ్మా షహీన్, ఎవరి ఒంటికి తగినట్టు వాళ్ళకు రాసిస్తానంటివే. నువ్వు రాసింది చేస్తే అయ్యేది ఇదేనా?"

షహీన్ మొహం చిన్నబోయింది. ధర్మవరం బస్టాండు వెనక సందులో ఆమె నడిపే ఆడవాళ్ళ జిమ్ముకు పేరొచ్చిందే ఆ మాటతో. వచ్చిన వాళ్ళందరికీ ఒకే కాగితమిచ్చి ఎగరమనే రకం కాదామె. చందన పొద్దస్తమానం మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీరలు నేసే పిల్ల. నడుం బిగుసుకుపోయి ఉంటుంది, మోకాళ్ళు మొరాయిస్తాయి. అందుకే దూకుళ్ళు, పరుగులు ఏవీ పెట్టలేదు. ముందు నడుము సాగదీసే కసరత్తులు, తర్వాత బెంచీ మీద కూర్చుని లేవడం, వంగిపోయిన వీపుకోసం చిన్న డంబెల్స్. మోకాలు నొచ్చిన రోజు ఏది మానాలో, బదులుగా ఏది చేయాలో కూడా విడిగా రాసింది. అంత శ్రద్ధగా ఇంకెవరికీ రాయలేదు.

"చార్టులో తప్పులేదు పద్మావతక్కా. తిండి సంగతేమన్నా..."

"తిండి నేనే పెడతాండా. సంగటి ముద్ద సగం చేసి పెడతాండా. అయినా ఇట్లుండాది."

"అంత తొందరెందుకు? మెల్లగా తగ్గితేనే మంచిది."

"మెల్లగా అంటే కుదర్దు. అరవై అయిదుకు దిగల్ల. దీపావళి లోపలే దిగల్ల."

షహీన్ నవ్వింది. "ఏమక్కా, పెండ్లిచూపులా?"

పద్మావతి చూపు కూతురి మీదనుంచి తిప్పుకుంది. "అట్లాంటిదే అనుకో," అనింది.

చందన మిషను మీదే నిలబడి తన కాళ్ళవంక చూసుకుంటోంది.

ఆ సాయంత్రమే షహీన్‌కు గుట్టు తెలిసింది. కూరగాయలకని పోతుంటే, టిఫిన్ బండి చాటున చందన కనిపించింది. చేతిలో బొరుగుల ఉగ్గాని ప్లేటు, పక్కన ఖాళీ చేసిన ప్లేటు ఇంకొకటి. ఆత్రంగా తినడంలేదు. రుచి చూసీ తినడంలేదు. కళ్ళు మూసుకుని, మాత్ర మింగినట్టు మింగుతోంది.

"ఏంది చందనా ఇది?"

చందన ఉలిక్కిపడలేదు. నోట్లోది మింగి, "ఆకలేసిందక్కా," అనింది.

"ఆకలైన మనిషి ఇట్ల తినదు. పొద్దున నువ్వు కార్చిన చెమటంతా బూడిదలో పోసినట్లే గదా."

"మా అమ్మకు చెప్పొద్దక్కా."

"ఏం, నీకిష్టం లేదా?"

చందన నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. అంతలో పక్కింటావిడ అటుగా రావడం చూసి తల దించుకుంది. "చెప్పొద్దు, అంతే," అని ప్లేటు బండిమీద పెట్టి వెళ్ళిపోయింది.

షహీన్‌కు జాలేసింది. కానీ ఇంటికి నడిచినంత సేపూ చెవుల్లో పద్మావతి మాటే. నువ్వు రాసింది చేస్తే అయ్యేది ఇదేనా? పెండ్లంటే ఏ పిల్లకైనా బెరుకుంటుంది, అయ్యాక అన్నీ అవే సర్దుకుంటాయి అనుకుంది. ఇల్లు చేరకముందే పద్మావతికి ఫోన్ చేసి చెప్పేసింది.

ఆ తర్వాత చందన ఒంటరిగా గడప దాటలేదు. పద్మావతి కూడా వచ్చి, కసరత్తు అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని, మళ్ళీ వెంటబెట్టుకుని పోయేది. షహీన్ చార్టు తిరగరాసింది. బరువులు పెంచింది, మధ్యలో ఆగే సమయం తగ్గించింది, ఇంట్లో మగ్గం దిగినప్పుడల్లా చేయాల్సినవి కలిపింది. చందన ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. ఎదురు చెప్పలేదు. షహీనక్కా అని పిలవడం మాత్రం మానేసింది.

దీపావళి ఇంకా వారముందనగా మిషను అరవై అయిదు చూపించింది.

పద్మావతి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. షహీన్‌వి రెండు చేతులూ పట్టుకుని, "నా ఇల్లు నిలబెట్టినావు తల్లీ. నీ పిల్లలు చల్లగుండల్ల," అనింది. షహీన్‌కూ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళలో తన చార్టుకు ఇంతకంటే పెద్ద మెప్పు రాలేదు.

బయట ఆటో ఆగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మొహం ఉబ్బరించి, అడుగు తీసి అడుగు వేయలేని మనిషి ఒకాయన కడ్డీ పట్టుకుని దిగాడు. పద్మావతి పరుగున పోయి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన గడప అవతలనుంచే షహీన్‌కు రెండు చేతులెత్తి మొక్కాడు.

"మీ అన్న గదా?" అనింది షహీన్ చందనతో. "చెల్లెలి పెండ్లంటే ఎంత సంతోషమో చూడు. ఉండు, ఒక ఫొటో తీసుకుంటా, గోడకు పెడతా. ఇంతకీ పిల్లోడిది యాడ, పెనుకొండనా, హిందూపురమా?"

చందన మిషను దిగి చెప్పులేసుకుంది. చాలా రోజుల తర్వాత షహీన్ మొహంలోకి సూటిగా చూసింది.

"లావుండే మనిషి కిడ్నీ పనికిరాదని బెంగుళూరు డాక్టర్లు మా అన్నకు చెప్పినారక్కా. అందుకే నేను తింటా ఉంటి."